దేంట్ల కలపాలె

భిక్షపతికి ఆ రోజు చేతులు తప్ప ఒళ్లంతా ఎప్పుడో పడుకుంది. చేతులు మాత్రం వాటి పాటికి అవి నడుస్తున్నాయి. కాగితం ముక్క, చిటికెడు పొడి, ఇటొక మడత, అటొక మడత, పొట్లం. పొద్దున్నుంచి రెండు వందలకు తక్కువ కట్టి ఉండడు. కార్తీకం వచ్చిందంటే సిద్దిపేట చుట్టూ ఉన్న పల్లెలన్నీ చలిజ్వరంతో వణుకుతాయి. వణికేవాళ్లంతా బండ్లు కట్టుకుని, మధుసూదన్ డాక్టరు మెదక్ బాట మీద కిరాయి ఇంట్లో పెట్టిన దవాఖానకు వస్తారు. అక్కడ ఉన్నది ఒక్క డాక్టరు, ఒక్క కంపౌండరు. యుద్ధం మొదలై ఐదో ఏడు నడుస్తోంది. క్వినైను దొరకడం లేదు, దూది దొరకడం లేదు, చివరికి పొట్లాలకు కాగితం కూడా దొరకడం లేదు. కరువు లేనిది రోగులకే.

ఆ ఒక్క కంపౌండరే భిక్షపతి. యాభై నాలుగేళ్లు. రెండు మోకాళ్లూ చెరొక పక్కకు లాగుతుంటాయి. నిజానికి అతనిది మందుల ఇల్లే. తండ్రి ఆ చుట్టుపక్కల పేరున్న వైద్యుడు. మందు నూరడానికి పట్టిన సేపు కన్నా, దాన్ని దేనితో కలిపి ఇవ్వాలో చెప్పడానికి ఆయనకు ఎక్కువ సేపు పట్టేది. తేనెతోనా, అల్లం రసంతోనా, మేకపాలతోనా. అదే అనుపానం. అది తప్పితే మందు మట్టితో సమానమని చిన్నప్పుడు భిక్షపతికి చెవి మెలిపెట్టి మరీ నేర్పాడు. తండ్రి పోయాక వైద్యం కోసం వచ్చేవాళ్లు తగ్గారు, తగ్గి తగ్గి ఆగిపోయారు. ఆరేళ్ల కింద ఈ దవాఖానలో మందుల కిటికీ వెనక కూర్చుని పొట్లాలు కట్టే కొలువు దొరికింది.

కొలువు మంచిదే గాని, దానికొక షరతు ఉంది. మధుసూదన్ డాక్టరు హైదరాబాదులో చదివి వచ్చినవాడు, భిక్షపతి కన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు. చెయ్యి మెత్తన, నోరు గరుకు. ఒకసారి దగ్గు మందు తీసుకున్న ముసలామెకు దాంతోపాటు కరక్కాయ చప్పరించమని భిక్షపతి చెప్పాడు. ఇంకోసారి ఎవరికో వాము నీళ్లు చెప్పాడు. రెండోసారి డాక్టరు తాను రోగులను చూసే తెర వెనక నుంచి బయటికి వచ్చి, అందరి ముందూ అన్నాడు.

"భిక్షపతీ, మీ నాయిన వైద్యం ఇంకొక్కసారి ఈ కిటికీల నుంచి ఇనవడితే, నువ్వు వేరే కొలువు చూసుకో."

అప్పటి నుంచి భిక్షపతి కిటికీలోంచి పొట్లం తప్ప మాట ఇవ్వడం మానుకున్నాడు. తల ఎత్తితే జనం ఏదో ఒకటి అడుగుతారు. అందుకని తల ఎత్తడం కూడా మానుకున్నాడు.

ఆ సాయంత్రం చివరగా వచ్చినవాళ్లు నంగునూరు నుంచి వచ్చిన కల్లుగీత పనివాళ్లు. మనిషి పేరు ఇస్తారి. ముప్పై అయిదేళ్లుంటాయి. ఒకప్పుడు పొద్దుకు ఇరవై చెట్లు ఎక్కిదిగిన మనిషిని అతని భార్య సాయవ్వ బండిలోంచి ఒక్కతే ఎత్తి దించింది. నాలుగు నెలలుగా తింటున్నాడు, చిక్కిపోతున్నాడు. తిన్న కొద్దీ విరేచనాలు. మాంసం పెట్టారు, నెయ్యి పోశారు. పోసిన కొద్దీ ఇంకా చిక్కాడు.

డాక్టరు గాజు గ్లాసులో నీళ్లు తెప్పించి అతని మలం కొంచెం అందులో వేయించాడు. అది మునగలేదు. చుట్టూ నీళ్ల మీద నూనె చుక్కలు పులుసు మీద తేలినట్టు తేలాయి. డాక్టరు గ్లాసును కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"చూసినవా భిక్షపతీ. తిన్న నెయ్యి తిన్నట్టే పోతున్నది. కడుపుల కొవ్వును అరిగించే రసం ఒకటుంటది. ఈయనకు అది ఊరుతలేదు. కొవ్వు అరగకపోతే మనిషి నెయ్యి గిన్నె ముందట కూసోని ఆకలితో చస్తడు."

అదే రసాన్ని జంతువుల కడుపులోంచి తీసి ఎండబెట్టి చేసిన పొడి ఒకటి ఉంది. బొంబాయిలో ఉన్న స్నేహితుడికి ఆరు నెలలు ఉత్తరాలు రాస్తే డాక్టరుకు ఒక్క సీసా దొరికింది. అది అయిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో సముద్రం మీద తిరిగే ఓడలకే తెలియాలి. డాక్టరు ఆ సీసాలో సగం ఇవ్వమన్నాడు. రోజుకు మూడు చొప్పున ఇరవై రోజులకు అరవై పొట్లాలు. తర్వాత సాయవ్వను పిలిచి ఒక నల్లదారం ఇచ్చాడు.

"ఇది ఆయన జబ్బకు చుట్టి, ఎంత పట్టిందో అక్కడ ముడెయ్యి. ఇరవై రోజులకు మళ్ల చుట్టు. జబ్బ లావైతే మందు పారినట్టు. మిగిలిన సగం సీసా గూడ ఆయనకే ఇస్త. లావు కాకపోతే మాత్రం ఇది నేననుకున్న రోగం కాదు. లోపల గడ్డ అయి ఉంటది. దానికి నా దగ్గర మందు లేదు."

సాయవ్వ దారం కొంగుకు ముడివేసుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. భిక్షపతి అరవై పొట్లాలు కట్టి, అన్నం తినేటప్పుడు ఒకటి అని చెప్పి, మూట ముందుకు తోశాడు. ఆమె తీసుకుంది గాని కదలలేదు.

"అయ్యా, గిది దేంట్ల కలపాలె?"

పల్లెలో ఎవరైనా అడిగే మాటే అది. పొడి మందు ఉత్తగా వేసుకోరు. దేంట్లోనో కలుపుతారు. భిక్షపతి తండ్రి అయితే ఆ ప్రశ్న వినగానే ఆమెను కూర్చోబెట్టి, ఇంట్లో ఏముంది, రోగి ఏం తాగుతున్నాడు, పాలిచ్చే బర్రె ఉందా అని ఒక్కొక్కటీ అడిగి గాని పంపేవాడు కాదు. భిక్షపతికి కూడా ఆ ప్రశ్నలన్నీ నోటిదాకా వచ్చాయి. తెర వెనక డాక్టరు చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. మోకాళ్లు సలుపుతున్నాయి. ఇక ఇంటికి వెళ్లి పడుకోవడం తప్ప ఈ లోకంలో అతనికి ఏదీ అక్కర్లేదు.

"ఏదైతేంది. రోజు ఇచ్చేదాంట్లనే కలిపియ్యి," అన్నాడు, తల ఎత్తకుండా.

గంజి అనుకున్నాడో, చల్ల అనుకున్నాడో, అసలు ఏమీ అనుకోలేదో తర్వాత ఎంత గుర్తుచేసుకున్నా అతనికే తెలియలేదు. సాయవ్వ సరేనని తలూపి వెళ్లిపోయింది.

ఇరవై రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం బండి మళ్లీ వచ్చింది. ఈసారి ఇస్తారి తల్లి బుచ్చవ్వ కూడా వెంట వచ్చింది. ఇస్తారిని దించలేదు. దించితే మళ్లీ ఎక్కించడం కష్టమని డాక్టరే బండి దగ్గరికి వెళ్లాడు. దారం చుట్టి చూశాడు. ముడి దగ్గరికి రాకుండానే జబ్బ చుట్టూ తిరిగి వచ్చింది దారం. వేలెడు మిగిలింది కూడా. జబ్బ లావు కాలేదు సరికదా, ఉన్నదీ పోయింది.

"పొట్లాలన్నీ తప్పకుండ ఇచ్చినవా?"

"ఒక్క పూట తప్పలేదు, దొరా. ఇంక రెండు ఉన్నయి. ఇయ్యాల్టియి."

డాక్టరు దారాన్ని వేలికి చుట్టుకున్నాడు. అతనిదీ అలసిపోయిన ముఖమే. ఆ నెలలో ఆ మాట చెప్పడం అది ఆరోసారో ఏడోసారో.

"అమ్మా, ఇంక నా చేతిల ఏం లేదు. ఇంటికి తోల్కపోండ్రి. ఏం తింటనంటే అది పెట్టుండ్రి."

బుచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. సాయవ్వ ఏడవలేదు. డాక్టరు లోపలికి వెళ్లాక, పొద్దు చూసుకుని, బండిలోంచి సద్దిమూట దించి విప్పింది. మగనికి అన్నం పెట్టే వేళ అయింది. మందు వేళ కూడా అదే. ఇంటికి తీసుకుపొమ్మన్నారని చేతిలో ఉన్న పొట్లం పారేస్తుందా ఎవరైనా.

అదే సమయానికి భిక్షపతి ముఖం కడుక్కుందామని చెంబు పట్టుకుని బయటికి వచ్చాడు. సాయవ్వ మట్టి ముంతలోంచి ఎర్రటి నీళ్లేవో గ్లాసులోకి వంచడం చూశాడు. పొట్లం విప్పి పొడి అందులో వేసి, పుల్లతో తిప్పి, పక్కన పెట్టింది. భిక్షపతి చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. గ్లాసులో పొడి కరగలేదు. విరిగిన పాలలాగా ముక్కలు ముక్కలై, మెల్లగా అడుగుకు దిగింది. పైన ఎర్రని తేట నిలిచింది. సాయవ్వ ఆ తేటను జాగ్రత్తగా మగని నోట్లో పోసి, అడుగున మిగిలిన మడ్డిని బండి చక్రం పక్కన పారబోసింది.

"అదేంది, సాయవ్వా?"

"మందే, అయ్యా."

"అది గాదు. గా ముంతల నీళ్లేంది?"

"తుమ్మచెక్క కషాయం. ఇరేచనాలు కట్టాలని మా అత్త కాచి ఇస్తది. మూడు నెలల సంది రోజు తాగుతుండు." అని, అతని ముఖంలో ఏం చూసిందో గాని మెల్లగా కలిపింది. "నువ్వు చెప్పినట్లే ఇస్తున్ననయ్యా. రోజు ఇచ్చేదాంట్లనే."

తుమ్మచెక్క సంగతి భిక్షపతికి తెలియకపోవడమేమిటి. పచ్చి తోలును గట్టి తోలుగా చేసేది దాని వగరే. నాలుక మీద పడితే నాలుకను బిగబడుతుంది, పేగులో పడితే పేగును బిగబడుతుంది. దేన్ని తాకితే దాన్ని పట్టుకుని ముద్ద చేసే గుణం దానిది. బొంబాయి నుంచి వచ్చిన ఆ పొడిని కూడా పట్టుకుంది. మందు ఇరవై రోజులుగా మనిషి కడుపులోకి వెళ్లనే లేదు, నంగునూరులో ఆమె ఇంటి ముందు మట్టిలోకి వెళ్లింది. తన తండ్రి బతికి ఉంటే చెవి మెలిపెట్టడం కాదు, చెవి పీకేవాడు.

బండి దగ్గర నుంచి డాక్టరు తెర దాకా ఇరవై అడుగులు ఉంటాయి. ఆ ఇరవై అడుగుల్లో భిక్షపతి రెండు మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఒకటి, తుమ్మచెక్కలో కలిపిందని. రెండోది, అలా కలపమన్నది తానేనని. లోపలికి వెళ్లేసరికి మొదటి మాటే నోట్లోంచి వచ్చింది. రెండోది రాలేదు. ఈ వయసులో, ఈ మోకాళ్లతో, ఇంకెవరు పెట్టుకుంటారు తనని?

డాక్టరు వింటూనే విసురుగా బయటికి వచ్చాడు.

"తుమ్మచెక్కల కలిపినవా? ఏం పని చేసినవో ఎరుకేనా నీకు? సగం సీసా నేలపాలు చేసినవు. ఇరవై రోజులు మందు ఇస్తున్న అనుకుంట నీ మొగని పానం నువ్వే తోడినవు. ఎవరు చెప్పిన్రు నీకు గట్ల కలుపుమని?"

భిక్షపతి తెర పట్టుకుని నిలబడి ఉన్నాడు. సాయవ్వ డాక్టరు భుజం మీదుగా అతని వైపు చూసింది. ఎంతోసేపు కాదు, రెప్పపాటు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేదని భిక్షపతి తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"ఎవరు చెప్పలేదు, దొరా," అంది. "నా తెలివితక్కువ."

బండిలో బుచ్చవ్వ తలెత్తి కోడలిని చూసింది.

డాక్టరు కోపం వచ్చినంత తొందరగానే దిగిపోతుంది. నిజమేమిటో తన కళ్లతో చూస్తే గాని నమ్మే మనిషి కాదు అతను. రెండు గ్లాసుల్లో గోరువెచ్చని పాలు పోయించాడు. రెండింటిలో చిటికెడు సోడా, రెండింటిలో ఆ పొడి. రెండో గ్లాసులో మాత్రం సాయవ్వ ముంతలోని కషాయం రెండు చెంచాలు. రెండు గ్లాసులనూ వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, చల్లారినప్పుడల్లా నీళ్లు మార్చమని భిక్షపతికి చెప్పాడు. భిక్షపతి మార్చాడు. బయట చలిజ్వరాల వాళ్లు మూలుగుతూ కూర్చున్నారు. బండి అక్కడే ఆగి ఉంది.

రెండు గంటలయ్యాక డాక్టరు మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు. భిక్షపతికి ఇచ్చాడు. పసిపిల్లలు కక్కిన పాల వాసన. నాలుకకు తగిలిస్తే చేదు. రెండో గ్లాసులో పాల వాసన తప్ప ఇంకే వాసనా లేదు. అడుగున గోధుమరంగు ముద్ద పేరుకుని ఉంది.

"మొదటి దాంట్ల వెన్న విరిగింది. ఆ కంపు దానిదే," అన్నాడు డాక్టరు. అతని గొంతులో ఈసారి కోపం లేదు, పాఠం చెప్పే ఉత్సాహం ఉంది. "మందు మంచిదే, భిక్షపతీ. కొవ్వును విరగ్గొట్టే ఎంజైము దాంట్ల బతికే ఉన్నది. చెక్కల ఉన్న వగరును టానిన్ అంటరు. అది ఈ ఎంజైమును పట్టుకోని చేతులు కట్టేసింది. ఇంక అది కొవ్వు జోలికి ఏం పోతది? ఉత్త కషాయం తాగినా అంతే. కడుపుల మిగిలిన కాస్త రసాన్ని గూడ అది పట్టుకుంటది. అంటే ఇస్తారి రోగం నేననుకున్నదే కావొచ్చు. మనం అసలు మందు ఇచ్చి చూడనే లేదు."

మిగిలిన సగం సీసా ఇస్తారికే అన్నాడు. పదేసి రోజులకు ముప్పై పొట్లాలు. తుమ్మచెక్క ముట్టవద్దు, గోరువెచ్చని గంజిలో కలపాలి, మరిగే గంజిలో వద్దు. ఈ మాటలన్నీ డాక్టరే స్వయంగా, దారం మీద పాత ముడి విప్పి ఆ రోజు కొలతకు కొత్తది వేసి ఇస్తూ చెప్పాడు, అయితే సాయవ్వకు కాదు, బుచ్చవ్వకు. సాయవ్వకు చెప్పి లాభం లేదన్నట్టు ఆమె వైపు తిరగనే లేదు.

బండి కదిలేముందు సాయవ్వ మూట కోసం కిటికీ దగ్గరికి వచ్చింది. డాక్టరు బండి దగ్గర ఇస్తారిని చూస్తున్నాడు. భిక్షపతి ఆ రోజు తల ఎత్తాడు.

"ఎందుకు చెప్పలేదు, సాయవ్వా? నేను చెప్పిన్నని?"

ఆమె మూట కొంగులో కట్టుకుంటూ, రేపు ఏం కూర వండాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"డాక్టరుకు కోపమొచ్చి నిన్ను ఎల్లగొడ్తే మా పొట్లాలు ఎవరు కడ్తరయ్యా?"

ఆ పది రోజులూ భిక్షపతికి తిండి సహించలేదు. రోజూ కిటికీ వెనక కూర్చున్నాడు, రోజూ రెండు వందల పొట్లాలు కట్టాడు. డాక్టరు ఒక్కడే ఉన్నప్పుడు చెప్పేద్దామని రెండుసార్లు తెర దాకా వెళ్లాడు. ఒకసారి డాక్టరు ఉత్తరం రాసుకుంటున్నాడు. ఇంకోసారి ఊరికే కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. రెండుసార్లూ భిక్షపతి వెనక్కి వచ్చేశాడు. ఇస్తారి బాగుపడితే చాలు, ఇంక ఈ మాటతో ఎవరికేం పని అని తనకు తాను చెప్పుకున్నాడు. అలా చెప్పుకున్నప్పుడల్లా ఆ రెప్పపాటు చూపు గుర్తొచ్చేది. పిరికివాడినని తెలుసుకోవడానికి యాభై నాలుగేళ్లు పట్టిందే అని సిగ్గుపడేవాడు.

పదో రోజు పొద్దెక్కాక బుచ్చవ్వ ఒక్కతే వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి నల్లదారం తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఇప్పుడు రెండు ముడులున్నాయి. పది రోజుల కిందటి కొలతకు ఒకటి, నిన్నటి కొలతకు ఒకటి. కొత్త ముడి పాతదాని కన్నా అవతల ఉంది. మధ్యలో చిటికెన వేలు పట్టేంత జాగ.

"లేసి కూసుంటుండు, అయ్యా. నిన్న పొద్దుగాల వాకిట్లకు నడిచిండు. ఇరేచనం కట్టింది. చెట్టెక్కే మోకు ఎక్కడున్నదని అడుగుతుండు." బుచ్చవ్వ కళ్లు తుడుచుకుంది. "నీది మీ నాయిన హస్తవాసే. నువ్వు కట్టిన పొట్లం, మట్టి కట్టినా మందయితది."

భిక్షపతి దారాన్ని చూస్తూ ఉండిపోయాడు. సంతోషం వచ్చింది. నెలరోజుల తర్వాత మొదటిసారి ఒళ్లు కొంచెం తేలికైంది. ఆ తేలికలోనే అడిగాడు.

"సాయవ్వ రాలేదా?"

"దాని పేరెత్తకయ్యా." బుచ్చవ్వ ముఖం బిగుసుకుంది. "ఆ రోజే తొగుటకు, దాని తల్లిగారింటికి తోలిచ్చిన. డాక్టరు ఏమన్నడో ఇన్నవు గద. మొగని పానం తోడిందన్నడు. నేను తుమ్మచెక్క పట్టిచ్చిన మాట నిజమే. తాపుమన్న, గంతే. దాంట్ల మందు కలుపుమని నేను చెప్పిన్నా? దాని చెయ్యి మంచిది గాదు. ఎల్లుండి కులపెద్దలు కూసుంటున్నరు. తెగదెంపులు చేసి పంపిస్తే నా కొడుకన్న బతుకుతడు."

"ఇస్తారి ఏమంటుండు?"

"వాడేమంటడు? సత్తువ లేనోడు. ఏడుస్తుండు."

భిక్షపతి చేతులు మొదటిసారి ఆగిపోయాయి. సగం మడిచిన కాగితం సగంలోనే ఉంది. తెర అవతల డాక్టరు కుర్చీ కిర్రుమంది. మధ్యలో ఉన్నది ఒక్క గుడ్డ తెర, ఈ మూల గుసగుసలాడితే ఆ మూలకు వినిపిస్తుంది. బుచ్చవ్వను బయటికి తీసుకెళ్లి చెప్పవచ్చు. ఎల్లుండి తానే నంగునూరు వెళ్లి పెద్దల చెవిలో వేయవచ్చు. అలాంటి దారులు ఇంకా రెండు మూడు తోచాయి. అన్నీ తన కొలువు చుట్టూ తిరిగి వెళ్లే దారులే. ఆలోచించి ఆలోచించి విసుగొచ్చింది. భయపడటం కూడా ఒక చాకిరే, దాన్ని ఇంక చేయలేననిపించింది.

"పెద్దవ్వా," అన్నాడు, గొంతు తగ్గించకుండా. "దాంట్ల కలుపుమన్నది నేను."

బుచ్చవ్వకు అర్థం కాలేదు.

"సాయవ్వ నన్ను అడిగింది, దేంట్ల కలపాలె అని. గీ కిటికీ కాడనే అడిగింది. నేను తల ఎత్తలేదు. రోజు ఇచ్చేదాంట్లనే కలుపుమన్న. మీరు రోజు ఏమిస్తున్నరని అడగలేదు. అడగవలసినోన్ని నేను. మా నాయిన నాకు నేర్పిందే అది. ఆమె నేను చెప్పింది చెప్పినట్లు చేసింది. డాక్టరు సాబ్ ఎవరు చెప్పిన్రంటే నా పేరు చెప్పలేదు. నేను ఆడనే నిలవడి, నోరు మూసుకున్న."

వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చున్నవాళ్లు నలుగురైదుగురు తలలు తిప్పి చూశారు.

"గట్లెట్ల?" అంది బుచ్చవ్వ. "అది తన తెలివితక్కువే అన్నది గద?"

"నా కొలువు పోతదని అన్నది. నీ కొడుకు మందు ఆగిపోతదని అన్నది. ఆమె చెయ్యి మంచిదే, పెద్దవ్వా. ఇరవై రోజులు ఒక్క పూట తప్పకుండ ఇచ్చింది. చెడ్డ చెయ్యి నాది."

తెర పక్కకు జరిగింది. డాక్టరు వచ్చి నిలబడ్డాడు. భిక్షపతి అతని వైపు చూడలేదు. బుచ్చవ్వే చూసింది. కంపౌండరు మాట ఎంత నిజమైనా, డాక్టరు నోట వింటే గాని నంగునూరులో చెల్లదు.

"నిజమేనా, దొరా?"

డాక్టరు బల్ల మీది దారం తీసుకుని రెండు ముడుల మధ్య జాగను బొటనవేలితో తడిమి చూశాడు.

"నిజమే," అన్నాడు. "నేను ఆమెను అడిగిన గాని, ఈయనను అడగలేదు. అమ్మా, నీ కోడలి మీద నేనన్న మాటలు వాపస్ తీసుకున్న. కులపెద్దలకు గదే చెప్పు. వాళ్లు నమ్మకపోతే నా దగ్గరికి రమ్మను." దారం బుచ్చవ్వ చేతిలో పెట్టాడు. వెనక్కి తిరిగాక అన్నాడు. "భిక్షపతీ, ఆమెకు పొట్లాలు కట్టియ్యి. కట్టినంక లోపలికి రా."

ఆ గొంతులో ఏముందో భిక్షపతికి తెలియలేదు. సగం మడిచిన కాగితాన్ని పూర్తిగా మడిచాడు. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. సీసా అడుగున మిగిలిన పొడిని వేలితో దులిపి ఆఖరి పొట్లం కట్టాడు. బుచ్చవ్వ కిటికీ చువ్వ పట్టుకుని, ఆ పొట్లాలను చూస్తూ, ఇంట్లో పొయ్యి దగ్గర కోడలు లేకుండా గడిచిన పది రోజులను లెక్క వేసుకుంటున్నదో ఏమో, ఒక్కసారి కొంగుతో ముఖం కప్పుకుంది. కాసేపటికి తీసింది.

"గిప్పుడు దేంట్ల కలపాలె, అయ్యా?"

భిక్షపతి తల ఎత్తి ఆమెను చూశాడు.

"ఇయ్యాల, రేపు, డాక్టరు సాబ్ చెప్పినట్లు గోరువెచ్చని గంజిల కలుపు. రేపు బండి కట్టి తొగుటకు పో. సాయవ్వను తోలుకరా. ఇంట్ల ఇంకేమేం తాపుతున్నరో, ఏది వగరో, ఏది కాదో, ఒక్కొక్కటి అడిగి ఆమెకు చెప్త. ఆమెను నా దగ్గరికి పంపియ్యి."

"నువ్వుంటవా గీడ?"

"ఉంటే కిటికీ కాడ ఉంట. లేకుంటే ఇంటి కాడ ఉంట. చెప్పుడైతే చెప్త."

ముప్పై పొట్లాలనూ ఒక గుడ్డలో మూటకట్టి ఆమె చేతికిచ్చాడు. బల్ల తుడిచి, ఖాళీ సీసాకు మూత పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. తర్వాత తెర పక్కకు జరుపుకుని లోపలికి వెళ్లాడు.